చలికి ముందు వేరు, చలి తర్వాత ఆకు

చలికాలం ముంచుకొస్తుంటే ఉల్లి నాటడం ఏమిటి, మంచుకి మాడిపోదా అని మొదటి ఏడాది మా ఇంట్లోనే అడిగారు. మాడిపోదు. సరైన రకం, సరైన సైజు గడ్డ, సరైన వారం, ఈ మూడూ కుదిరితే ఉల్లి నాలుగైదు అంగుళాల పచ్చటి ఆకులతో మంచులో కూడా నిలబడి, పగలు పెరగడం మొదలవగానే దూసుకొస్తుంది. ఏది కుదరకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే వరసగా రెండేళ్లు రెండు తప్పులు చేశాను, మొదటి ఏడాది ఎక్కువైంది, రెండో ఏడాది తక్కువైంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి దారి దొరికింది మూడో ఏడాదే. దాని గురించే ఈ పోస్టు.

ముందు, అసలు ఇంత కష్టం ఎందుకు అనేది. ఉల్లి వసంతంలో కూడా నాటుకోవచ్చు, చాలామంది అలాగే నాటుతారు. కానీ అది చేతికొచ్చేది వేసవి నడిమధ్యలోనో చివర్లోనో. ముందటి ఏడాది దాచుకున్న గడ్డలేమో వసంతానికే మొలకెత్తి మెత్తబడిపోతాయి. ఆ మధ్యలో రెండు మూడు నెలలు పెరట్లో ఉల్లి అనేదే ఉండదు. చలికి ముందు నాటిన ఉల్లి సరిగ్గా ఆ ఖాళీలో వస్తుంది. మడి కూడా వేసవి మొదట్లోనే ఖాళీ అయిపోతుంది కాబట్టి అదే ఏడాది అందులో ఇంకో పంట వేసుకోవచ్చు. చిన్న పెరడు ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. పైగా వేరే ఏమీ పెరగని నెలల్లో ఖాళీగా పడి ఉండే మడి ఇది, అందులోంచి పంట తీయడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

తెలుగులో చదివేవాళ్లు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉంటారు కాబట్టి ఒక మాట. ఇది చలి గట్టిగా పడే చోట్లకి పనికొచ్చే పద్ధతి. చలికాలం అంటే హాయిగా ఉండే కాలం అయిన చోట దీని అవసరమే లేదు, అక్కడ చలికాలమంతా ఉల్లి మామూలుగానే పెరుగుతుంది. భూగోళానికి దక్షిణం వైపు ఉన్నవాళ్లు నేను చెప్పే నెలలకి ఆరు కలుపుకోండి.

నాటేది విత్తనం కాదు, పిల్లగడ్డలు. సెట్లు అని అమ్ముతారు. విత్తనాన్ని బాగా ఒత్తుగా చల్లితే మొక్కలు ఒకదాన్నొకటి పెరగనివ్వవు, గోలీకాయంత గడ్డ ఊరి ఆగిపోతాయి. వాటిని తీసి ఆరబెడితే అవే సెట్లు. అంటే మన చేతికొచ్చేసరికి ఆ మొక్క జీవితం సగం గడిచిపోయింది. ఇక్కడే అసలు కిటుకు ఉంది, ఇది అర్థమైతే మిగతా అంతా అర్థమైనట్టే. ఉల్లి రెండేళ్ల మొక్క. మొదటి ఏడాది ఆకు మొదళ్లలో తిండి దాచుకుని గడ్డ కడుతుంది, చలికాలం గడిచాక రెండో ఏడాది ఆ తిండితో పూకాడ లేపి, పూసి, విత్తనం కట్టి చచ్చిపోతుంది. మనం పిల్లగడ్డని చలికి ముందు నాటి చలి దాటిస్తున్నాం. తనకి ఒక ఏడాది అయిపోయిందనీ ఇది రెండో ఏడాది అనీ ఆ మొక్క లెక్క వేసుకుంటే మనకి గడ్డ దక్కదు, పువ్వు దక్కుతుంది.

అయితే ఉల్లి చలిని లెక్కలోకి తీసుకోవాలంటే దానికి కొంత ఒళ్లు ఉండాలి. కాడ పెన్సిల్ మందం దాటిన మొక్క 10 డిగ్రీల లోపు చలిలో కొన్ని వారాలు గడిపితే లోపల పూమొగ్గ తయారవుతుంది. అంతకంటే సన్నగా ఉన్న మొక్క అదే చలిని అనుభవించినా పట్టించుకోదు, చిన్నపిల్లలాగా నిద్రపోయి లేచి మళ్లీ ఆకులేస్తుంది. కాబట్టి మనకి కావలసింది పైన చిన్నది, కింద గట్టిది. చలి వచ్చే ముందు వేర్లు బాగా దిగాలి, ఆకులు మాత్రం ఎక్కువ రాకూడదు. నేను మొదటి ఏడాది సరిగ్గా దీనికి ఎదురు పని చేశాను.

ఆగస్టు చివర్లో నాటేశాను. ముందు నాటితే ముందు పెరుగుతుంది, పెద్దదైతే చలిని తట్టుకుంటుంది అనుకున్నాను, వినడానికి సబబుగానే ఉంటుంది కదా. సంచీలోంచి ఏరి ఏరి పెద్ద గడ్డలే నాటాను. మడిలో దండిగా కంపోస్టు కలిపాను, పది రోజులకోసారి నైట్రోజన్ ఎక్కువ ఉన్న ద్రవ ఎరువు పోశాను. నవంబర్‌కల్లా మోకాలెత్తు ఆకులతో మడి నిండిపోయింది, చూసినవాళ్లందరికీ చూపించుకున్నాను. మే నెలలో ఒక ఉదయం చూస్తే కొన్ని మొక్కల నడిమధ్య నుంచి గుండ్రటి గట్టి కాడ ఒకటి లేచి ఉంది, కొసన పల్చటి పొరలో చుట్టిన మొగ్గ. వారం తిరిగేసరికి 60లో 23 అలా అయ్యాయి. చాలా బాధేసింది. ఎనిమిది నెలలు కాపలా కాసిన పంట అది.

పూకాడ వచ్చినదాన్ని ఏం చేయాలి అంటే, వెంటనే పీకి వాడుకోవడమే. కాడ విరిచేస్తే గడ్డ ఊరుతుంది అని చెప్తారు, నేను పదింటికి విరిచి చూశాను. గడ్డ కొంచెం ఊరింది, నిజమే. కానీ కోస్తే మధ్యలో ఆ కాడ అడుగు భాగం చెక్కముక్కలా ఉండిపోయింది, చుట్టూ ఉన్నది మాత్రమే పనికొచ్చింది. అలాంటి గడ్డ నిల్వ కూడా ఉండదు, ఆ కాడ దారిన కుళ్లు లోపలికి దిగుతుంది. కాబట్టి కనబడిన రోజే పీకండి, ఆ వయసులో గడ్డా ఆకూ రెండూ లేతగానే ఉంటాయి.

ఆ దెబ్బకి రెండో ఏడాది ఆలస్యంగా నాటాలని గట్టిగా అనుకున్నాను. అనుకోవడమే కాదు, మరీ ఆలస్యం చేసి నవంబర్ చివర్లో నాటాను. అప్పటికే నేల చల్లబడిపోయింది, వేర్లు సరిగా దిగలేదు. పైగా ఆ మడి పెరట్లో పల్లంలో ఉంది, బంకమట్టి. డిసెంబర్ వానలకి నీళ్లు నిలిచి సగం గడ్డలు అక్కడికక్కడే మెత్తబడిపోయాయి. మిగతా సగంలో చాలావాటిని మంచు పైకి తోసేసింది. మట్టిలో ఉన్న నీళ్లు గడ్డకట్టినప్పుడు మట్టి ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు వేరు సరిగా పట్టని గడ్డని తనతోపాటు పైకి లేపుతుంది, కరిగినప్పుడు మట్టి కిందికి దిగుతుంది కానీ గడ్డ దిగదు. అలా నాలుగైదు సార్లు అయ్యేసరికి గడ్డలు మట్టి మీద పడుకుని ఉన్నాయి.

వాటిని బొటనవేలితో మళ్లీ లోపలికి నొక్కేశాను. అది కూడా తప్పే. నొక్కితే కింద ఉన్న కాసిని వేర్లు విరిగిపోతాయి, గడ్డ అడుగున వేర్లు పుట్టే పళ్లెంలాంటి భాగం నలిగిపోతుంది, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. పక్కన చిన్న పారతో మట్టి తీసి, గడ్డని వేర్లతో సహా ఎత్తి, గుంటలో మళ్లీ కూర్చోబెట్టి, చుట్టూ మట్టి సర్దాలి. ఆ ఏడాది 60కి 14 గడ్డలు చేతికొచ్చాయి, అవి కూడా నిమ్మకాయంత.

మరి ఆ సరైన వారం ఎప్పుడు? నేల గడ్డకట్టే చలి మొదలయ్యే రోజు నుంచి వెనక్కి ఐదారు వారాలు లెక్కపెట్టండి. ఉత్తరార్ధగోళంలో చాలా చోట్ల అది సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరి లోపు ఎక్కడో పడుతుంది. చలి ఎంత గట్టిదైతే అంత ముందుకి జరపాలి, మెత్తటి చలి అయితే అక్టోబర్ దాటి నవంబర్ మొదటి వారం దాకా కూడా పర్వాలేదు. నేను ఇప్పుడు క్యాలెండర్ కంటే మట్టినే ఎక్కువ నమ్ముతాను. పొద్దున్నే మట్టిలో వేలు పెడితే చల్లగా తగలాలి కానీ జివ్వుమనకూడదు. మూడో ఏడాది అలా చూసుకుని అక్టోబర్ మొదటి వారంలో నాటాను, డిసెంబర్‌కి ఒక్కో మొక్కకి మూడు నాలుగు సన్నటి ఆకులున్నాయి. పక్కన పెరిగే కలుపు కంటే బలహీనంగా కనబడ్డాయి, నాకు టెన్షన్‌గానే ఉండింది. ఒకటి పీకి చూశాను. ఆకు జానెడు కూడా లేదు, వేర్లు మాత్రం తెల్లగా కుచ్చులాగా అంతకంటే పొడుగ్గా దిగి ఉన్నాయి. అప్పుడు ధైర్యం వచ్చింది.

రకం గురించి. ఏ ఉల్లి పడితే ఆ ఉల్లి దీనికి పనికిరాదు, దానికి కారణం చలి ఒక్కటే కాదు, పగటి పొడవు కూడా. ఉల్లి ఎప్పుడు ఆకులేయడం ఆపి గడ్డ ఊరడం మొదలుపెట్టాలో పగలు ఎంతసేపుందో దాన్ని బట్టి తేల్చుకుంటుంది. పగటి పొడవుని బట్టి మొక్కలు ఇలా నడుచుకుంటాయని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మొక్కల మీద చూపించారు, ఉల్లికి వచ్చేసరికి పగలు పువ్వుని కాదు, గడ్డని నడిపిస్తుంది. కొన్ని రకాలకి 10 నుంచి 12 గంటల పగలు చాలు, కొన్నింటికి 14 గంటలు దాటితే గానీ గడ్డ మొదలవదు. చలి దాటించడానికి తయారుచేసిన రకాలు తొందరగా, పగలు ఇంకా పూర్తిగా పెరగకముందే గడ్డ మొదలుపెడతాయి, అందుకే వసంతంలో నాటే రకాల కంటే ముందు చేతికొస్తాయి. జపాన్‌లో ఈ రకాల మీద చాలా పని జరిగింది. సెన్షు అనే పేరు మీరు చూసే ఉంటారు, అది ఒసాకా దగ్గర ఉల్లికి పేరున్న ఒక ప్రాంతం పేరు. పసుపు రకాల్లో రాడార్, ఎర్రవాటిలో ఎలక్ట్రిక్ కూడా ఈ కోవలోవే. నాకు రాడార్ నమ్మకంగా వస్తోంది. ఎలక్ట్రిక్ రంగు చాలా బాగుంటుంది, కానీ నా మడిలో పూకాడలు దానికే ఎక్కువ వస్తున్నాయి, అయినా ఒక వరుస వేయకుండా ఉండలేకపోతున్నాను.

వసంతంలో మిగిలిపోయిన సెట్లని దాచి చలికి ముందు నాటొద్దు. అవి వేరే పని కోసం తయారైనవి, అప్పటికే సగం ఎండిపోయి ఉంటాయి కూడా. వేడి చూపించిన సెట్లు అని కొన్ని అమ్ముతారు. పూమొగ్గ రాకుండా కొన్ని వారాలు వెచ్చటి గదిలో ఉంచినవి. అవి వసంతానికి మంచివే, మన పనికి కావు, ఎందుకంటే మనం నాటిన తర్వాతే కదా వాటికి అసలు చలి తగిలేది.

గడ్డల సైజు మీద నాకు ఇప్పుడు పట్టుదల ఎక్కువ. సంచీ తెరవగానే కాగితం మీద పోసి మూడు కుప్పలు చేస్తాను. ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల అడ్డం ఉన్నవి, గట్టిగా ఉన్నవి, ఇవే అసలు పంటకి. అంతకంటే పెద్దవి పూకాడ వేసే అవకాశం ఎక్కువ కాబట్టి వాటిని ఒక మూల ఒత్తుగా, రెండు వేళ్ల దూరంలో నాటేస్తాను, అవి వసంతం మొదట్లో ఉల్లికాడలుగా పీకుకోవడానికి. పెద్ద గడ్డల్ని పారేయక్కర్లేదు, వాటి పని వాటికి ఉంది. మూడో కుప్ప మెత్తబడినవి, అడుగున నీలం బూజు పట్టినవి, ఇవి కంపోస్టులోకి కూడా వేయను, బయటికే.

మడి విషయంలో ఒకే ఒక్క సంగతి చూడమంటే నీళ్లు నిలవకపోవడం చూడమంటాను. నేను బంకమట్టి మడిని జానెడు ఎత్తు లేపాను, అందులో చివికిన ఆకుల ఎరువు కలిపాను, అంతే. పచ్చి పశువుల ఎరువు వద్దు. నాటేటప్పుడు నైట్రోజన్ అసలు వద్దు, మొదటి ఏడాది నేను పోసిన ఎరువంతా చలి ముందు ఆకుగా మారి, ఆ ఆకే పూకాడ తెచ్చింది. మట్టి మరీ పులుపుగా ఉంటే ఉల్లికి నచ్చదు, పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య ఉంటే బాగుంటుంది, తక్కువుంటే ముందుగానే సున్నం చల్లి పెట్టుకోండి. ఎండ ఎంత పడితే అంత మంచిది.

నాటడం పది నిమిషాల పని. గడ్డకి గడ్డకి 10 సెంటీమీటర్లు, వరుసకి వరుసకి 25 నుంచి 30. గట్టి మట్టిలోకి గడ్డని నొక్కకండి. పుల్లతో గుంట చేసి, అడుగు కిందికి, మొన పైకి పెట్టి, మొన మట్టికి సమానంగా ఉండేలా మట్టి సర్దండి. మొనకి ఎండిపోయిన తోకలాంటి పొట్టు ఉంటే కత్తెరతో తీసేయండి, పక్షులు దాన్ని పురుగో పుల్లో అనుకుని లాగేస్తాయి. లాగి తినవు కూడా, పక్కన పడేసి పోతాయి. నాటిన మొదటి మూడు వారాలు పైన వల కప్పితే ఆ గొడవ ఉండదు, వేరు దిగాక పక్షి లాగినా రాదు. మట్టి పొడిగా ఉంటే ఒకసారి నీళ్లు పోయండి. ఆ తర్వాత వసంతం దాకా మళ్లీ నీళ్లక్కర్లేదు.

చలికాలంలో చేసేది దాదాపు ఏమీ లేదు, అదే నాకు కష్టంగా ఉండేది. ఆకు కొసలు పసుపైతే ఏదో లోపం అనిపిస్తుంది, ఎరువు పోయాలనిపిస్తుంది. పోయకండి, చలికి కొసలు అలా అవుతాయి, కొత్త ఆకు పచ్చగా వస్తుంటే చాలు. మెత్తటి మంచు మడి మీద దుప్పటిలా పడుకుంటే మొక్కకి మంచిదే, అది గాలి చలి నుంచి కాపాడుతుంది. ఉల్లిని చంపేది తడి. గడ్డకట్టిన చలి వారాల తరబడి ఉండే చోట నేల గట్టిపడ్డాక పైన గడ్డి పరిచి, వసంతం రాగానే తీసేయండి. గుడ్డ కప్పడం నేను మానేశాను, దాని కింద వెచ్చగా ఉండి ఆకు అనవసరంగా పెరుగుతోంది.

కలుపు మాత్రం తీస్తూనే ఉండాలి. ఉల్లి ఆకు సన్నగా నిటారుగా ఉంటుంది, నేలకి నీడ పట్టదు, కలుపుకి అంతకంటే కావలసిందేముంది. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి పార లోతుగా దించితే వేర్లు తెగుతాయి. నేను ఎండ ఉన్న రోజు చూసుకుని చేత్తోనే తీస్తాను, మోకాళ్ల కింద చాప వేసుకుని, 60 మొక్కల మడికి అరగంట.

చలి వదలడం మొదలైనప్పుడు, ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో నడిమధ్య నుంచి కొత్త ఆకు మెరుస్తూ వస్తుంది. ఎరువు వేయాల్సింది అప్పుడు. నేను చదరపు మీటరుకి 35 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ వరుసల మధ్య చల్లి, ఆకుల మీద పడినది దులిపి, నీళ్లు పోస్తాను. కోడిపెంట గుళికలు వాడేవాళ్లు అవి వాడుకోవచ్చు, కాస్త ముందుగా వేయాలి, మట్టిలో కరగడానికి టైం పడుతుంది. ఈ ఎరువు ఎందుకంత ముఖ్యమంటే ఉల్లిగడ్డలో ఒక్కో పొర ఒక్కో ఆకు మొదలు. గడ్డ ఊరడం మొదలయ్యే రోజుకి మొక్కకి ఎన్ని ఆకులుంటే అన్ని పొరలు, ఆకు ఎంత పెద్దదైతే పొర అంత మందం. పగలు పెరిగి గడ్డ ఊరడం మొదలయ్యాక ఇక కొత్త ఆకులు రావు, ఉన్నవాటితోనే పని. కాబట్టి మన చేతిలో ఉన్నది చలి వదిలిన రోజుకీ గడ్డ మొదలయ్యే రోజుకీ మధ్య ఉన్న ఆ ఏడెనిమిది వారాలే. వసంతంలో వాన లేకపోతే ఆ వారాల్లో నీళ్లు కూడా ఆపకండి. గడ్డ ఉబ్బడం కనబడ్డాక నైట్రోజన్ పూర్తిగా ఆపేయాలి, లేకపోతే మెడ లావుగా, మెత్తగా ఉండిపోయి ఆరదు.

ఇక తెగుళ్లు. బూజు తెగులు గురించి ముందు, ఎందుకంటే ఇందులో మనం తెలియకుండా మనకే నష్టం చేసుకుంటాం. చల్లటి తడి వాతావరణంలో ఆకు మీద బూడిద, ఊదా కలిసిన రంగులో బూజు వచ్చి ఆకు అక్కడ మడిచినట్టు వాలిపోతుంది. ఈ బూజు చలికాలమంతా మన మొక్కల్లో బతికి, వసంతంలో కొత్తగా నాటిన ఉల్లి మీదికి దూకుతుంది. చలికి ముందు వేసిన మడి పక్కనే వసంతం ఉల్లి వేయడం అంటే దానికి దారి వేసినట్టే. రెండూ కావాలంటే పెరట్లో ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి వేసుకోండి. నేను ఇప్పుడు ఏడాదికి ఒకటే వేస్తున్నాను.

ఆకుతొలుచు ఈగ కొత్త బెడద. మూడు మిల్లీమీటర్ల చిన్న ఈగ, ఆకు కొస దగ్గర వరసగా తెల్లటి చుక్కలు పెడుతుంది, తర్వాత దాని పురుగు లోపల తొలుచుకుంటూ కిందికి దిగుతుంది, ఆకులు మెలి తిరిగిపోతాయి. మొదట్లో యూరప్‌కే తెలిసిన పురుగు, 2015లో అమెరికాలో పెన్సిల్వేనియాలో కూడా కనబడింది. ఇది ఏడాదికి రెండుసార్లు ఎగురుతుంది, మార్చి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్ నవంబర్‌లో ఒకసారి, అంటే మన ఉల్లి దానికి రెండుసార్లూ దొరుకుతుంది. ఆ నెలల్లో సన్నటి కన్నాల వల కప్పి, అంచులు మట్టిలో పూడ్చడం తప్ప నాకు వేరే దారి కనబడలేదు. పక్షుల కోసం కప్పిన వలనే ఇంకొన్ని వారాలు ఉంచేస్తే సరిపోతుంది, కాకపోతే కన్నాలు సన్నవి అయ్యుండాలి.

అన్నింటికంటే భయపడాల్సింది తెల్ల కుళ్లు. ఆకులు కింద నుంచి పసుపై వాలిపోతాయి, పీకితే వేర్లు ఉండవు, గడ్డ అడుగున దూదిలాంటి తెల్లటి బూజు, అందులో గసగసాల గింజలంత నల్లటి చుక్కలు. ఆ చుక్కలే అసలు సమస్య. అవి మట్టిలో 15 నుంచి 20 ఏళ్లు కదలకుండా పడి ఉంటాయి, ఉల్లి జాతి వేరు దగ్గరికి రాగానే ఆ వేరు వదిలే గంధకపు వాసనకే నిద్రలేస్తాయి. ఇంట్లో వాడుకునే మందేదీ దీనికి లేదు. నాలుగో ఏడాది మా పెరట్లో ఒక మడిలో ఐదు మొక్కలకి వచ్చింది. ఆ ఐదింటినీ చుట్టూ ఉన్న మట్టితో సహా సంచీలోకి ఎత్తి బయట పారేశాను, ఆ మడిలో ఉల్లి, వెల్లుల్లి ఇక ఎప్పటికీ వేయను, అక్కడ వాడిన పారని కడగకుండా ఇంకో మడిలో పెట్టను. ఎవరి పెరట్లోంచైనా ఉల్లి నారు, మట్టి తెచ్చుకునే ముందు పదిసార్లు ఆలోచించండి, వచ్చేది అలాగే. తెల్ల కుళ్లు లేని మడిలో కూడా ఉల్లి, వెల్లుల్లి మళ్లీ వేయడానికి మూడు నాలుగేళ్లు ఆగడం మంచిది.

మే చివర నుంచి జూన్ లోపు గడ్డలు మట్టి పైకి ఉబ్బి వస్తాయి. వాటి భుజాల మీద మట్టి ఉంటే వేళ్లతో పక్కకి జరపండి, ఎండ తగలాలి. ఆ తర్వాత ఒకరోజు ఆకులు మెడ దగ్గర వాటంతటవే వాలిపోతాయి. వాలడం లేదని చేత్తో వంచేవాళ్లు ఉన్నారు, దయచేసి వంచకండి, మెడ నలిగితే అక్కడి నుంచి కుళ్లు దిగుతుంది. సగానికి పైగా వాలాక, వాన లేని రోజు చూసి, ఫోర్కుతో కింద నుంచి లేపి తీస్తాను. ఆకులు కోయకుండా గాలి తగిలే చోట చువ్వల బల్ల మీద రెండు వారాలు పరిచి, పొట్టు గలగలలాడేదాకా ఆరనిస్తాను. మెడ లావుగా ఉన్నవి ఆరవు, వాటిని విడిగా పెట్టి ముందు వాడేస్తాం. మొత్తం మీద ఈ ఉల్లి ఎక్కువ రోజులు నిల్వ ఉండే ఉల్లి కాదు. బాగా ఆరినవి నాకు నవంబర్ దాకా ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే మొలకెత్తడం మొదలుపెట్టాయి. అప్పటికి కొత్తగా నాటినవి మడిలో రెండు మూడు ఆకులేసుకుని ఉంటాయి.

మూడో ఏడాది 60కి 51 గడ్డలు వచ్చాయి, పూకాడ వేసినవి నాలుగే. పోయిన ఏడాది 80 నాటితే 70 వచ్చాయి. పెద్దది తూకం వేస్తే 240 గ్రాములు.

ఈసారి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఒకే సంచీలోంచి, ఒకే సైజువి 80 ఏరి పెట్టాను. 40 అక్టోబర్ 3న నాటాను, మిగతా 40 సరిగ్గా రెండు వారాల తర్వాత పక్క వరుసల్లో నాటబోతున్నాను. ఎరువు, నీళ్లు, వల అన్నీ ఒకటే. ఏ వరుసలో ఎన్ని పూకాడలు వస్తాయో, ఏ వరుస గడ్డలు ఎంత తూగుతాయో జూన్‌లో తూకం వేసి ఇక్కడే రాస్తాను. మొదటి 40కి నిన్న మొలక కొసలు కనబడ్డాయి. రెండింటిని పక్షి లాగేసింది, వలకి ఒక మూల రాయి పెట్టడం మర్చిపోయాను, మళ్లీ గుంట తీసి కూర్చోబెట్టాను.